పట్టేసిన ఇంజిన్: కడగకముందే చూడాల్సినవి

అనంతపురం మెకానిక్ అన్నలకు, ఐటీఐ పిల్లలకు నమస్కారం.

పట్టేసిన (తిరగకుండా బిగుసుకుపోయిన) ఇంజిన్ షెడ్డుకు రాగానే డీజిల్ కొట్టి కడిగేస్తారు. దయచేసి ఆ పని ఆపండి. ఏం జరిగిందో చెప్పేది ఆ మురికే.

బండిని ఒక రాత్రి కదపకుండా ఉంచి, డ్రెయిన్ బోల్టు కొంచెమే వదులు చేయండి. ఆయిల్‌లో విడిగా నీళ్లుంటే ముందు అవే కారతాయి. ఆయిల్ పాలు పోసిన టీ రంగులో ఉంటే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు) కలిసిందేమోనని చూడాలి. ఫిల్టర్ కోసి కాగితం పరిచి అయస్కాంతం పెట్టండి. అంటుకునేది ఇనుము, పిస్టన్ రింగులదో, పిస్టన్లు తిప్పే ఇరుసైన క్రాంక్‌దో. అంటుకోని మెరుపు బేరింగుదో పిస్టన్‌దో.

హెడ్ (సిలిండర్ల పైమూత) బోల్టులు ఇంజిన్ చల్లారాకే, అంచుల నుంచి మధ్యకు, రెండు మూడు విడతల్లో వదులు చేయాలి. హెడ్ తీశాక పిస్టన్ల తలలు పోల్చండి. మిగతావి నల్లగా మసిపట్టి ఒక్కటే తెల్లగా మెరుస్తోందంటే, ఆ సిలిండర్లోకి నీళ్లు దిగుతున్నట్టే. అక్కడ గాస్కెట్ (హెడ్ కింద లీకు ఆపే పలక) వలయం చూడండి. హెడ్ మీద సూటి బద్ద, అంటే స్ట్రెయిట్ ఎడ్జ్‌ను ఐమూలగా కూడా పెట్టి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకులు) కింద తోయండి. 0.1 మి.మీ. రేకు దూరిందంటే చాలా కార్లకు అది వంగిన హెడ్డే. మన సీమ ఎండలకు, రేడియేటర్లో పోసే బోరు నీళ్లకు ఇది మామూలే. ఉప్పు పేరుకుని గొట్టాలు మూసుకుపోతాయి. రేడియేటర్ చూడకుండా హెడ్ ఒక్కటి లేత్‌కు పంపితే ఖర్చు దండగ.

పిస్టన్ పిన్నుకు అటూ ఇటూ నాలుగు మూలల్లో గీతలుంటే వేడెక్కి పట్టేసింది. సిలిండర్ బోరు (లోపలి గోడ) పైభాగం మాత్రమే అరిగి మెట్టు పడితే దుమ్ము మింగింది. ఎయిర్ ఫిల్టర్ కొత్తదే అంటారు ఓనర్లు. ఫిల్టర్ దాటాక ఉన్న రబ్బరు గొట్టం చిరిగిందేమో చూడండి.

అసలు కథ క్రాంక్ చుట్టూ ఉండే అర్ధవలయపు రేకుల్లో, అంటే బేరింగ్ షెల్స్‌లో ఉంటుంది. క్యాప్ విప్పే ముందే సిలిండర్ నంబరు, ముందు వైపు గుర్తు పెట్టండి. షెల్స్‌ను అదే వరసలో, పైది పైన, కిందిది కింద పరచండి. అన్నీ సమానంగా అరిగి రాగి కనబడితే ఆయిల్ తగ్గింది, లేదా పలచబడింది. ఒక్కటే కాలి నల్లబడితే దానికి ఆయిల్ వచ్చే దారిలోనే అడ్డం ఉంది: క్రాంక్ రంధ్రంలో చెత్తో, షెల్ రంధ్రం కలవకపోవడమో. షెల్ వీపు కూడా తిప్పి చూడండి. నల్లటి చుక్క కనబడితే బిగించేటప్పుడు వెనక నలుసు ఇరుక్కుంది. ఇది బండి తప్పు కాదు, బిగించినవాడి తప్పు.

చివరగా ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లోని స్ట్రైనర్ (ఆయిల్ వడకట్టే జాలీ). జాలీకి రబ్బరు ముక్కల్లాంటివి అంటుకుని ఉంటే అవి పోయినసారి సంప్‌కు పూసిన సీలెంట్. ఎక్కువ పూస్తే బిగించగానే లోపలికి పొంగి, ఊడి, జాలీ మూసేస్తుంది. మాన్యువల్ వేరే చెప్పకపోతే 3 మి.మీ. గీత చాలు, బోల్టు రంధ్రాలకు లోపలి వైపు నుంచి.