మాలర్ సింఫనీలు: రికార్డయిన వరుసలో ఒక సుదీర్ఘ శ్రవణం

[తెరపై: తిరుగుతున్న 78 ఆర్‌పీఎం గ్రామఫోను ప్లేటు. వ్యాఖ్యానం మొదలవుతుంది.]

ఆస్ట్రియా స్వరకర్త గుస్తావ్ మాలర్ పూర్తిచేసిన తొమ్మిది సింఫనీలను, అంటే ఆర్కెస్ట్రా కోసం రాసిన సుదీర్ఘ కృతులను, వరుసగా వినాలంటే 11 గంటలు దాటుతుంది. అంతసేపు వినడానికి సిద్ధపడినవారు సాధారణంగా ఒకే కండక్టర్ (ఆర్కెస్ట్రాను నడిపించేవారు) చేసిన పూర్తి సెట్టు తీసుకుని, మొదటి సింఫనీతో ఆరంభించి తొమ్మిదో దానితో ముగిస్తారు. ఈ వీడియోలో సూచిస్తున్న వరుస వేరు. సింఫనీల సంఖ్యను పక్కనపెట్టి, అవి రికార్డయిన సంవత్సరాల క్రమాన్ని పట్టుకుని విందాం. మాలర్ 1911లో 50 ఏళ్లకే మరణించారు. ఆయన స్వయంగా నడిపించిన ఆర్కెస్ట్రా ఒక్క నిమిషమైనా రికార్డు కాలేదు. అందువల్ల ఆయన తన సంగీతాన్ని ఏ నడకలో వినిపించారో తెలుసుకోవాలంటే, ఆయనను దగ్గరగా చూసిన కండక్టర్లు మిగిల్చిన ప్లేట్లే మనకు దిక్కు.

[తెరపై: రంధ్రాలు పొడిచిన కాగితపు చుట్ట, పక్కన పియానో.]

ఆరంభం మాత్రం మాలర్‌తోనే. 1905 నవంబరులో లైప్‌జిగ్‌లో ఆయన వెల్టె కంపెనీ యంత్రం ముందు కూర్చుని, ఐదో సింఫనీ మొదటి భాగాన్ని, నాలుగో సింఫనీ చివరి భాగాన్ని పియానోపై వాయించారు. యంత్రం ఆ వాయింపును కాగితపు చుట్టపై రంధ్రాలుగా నమోదు చేసింది. ఇప్పుడు మనం వినేది ఆ చుట్టను మరో పియానోపై నడిపించగా వచ్చిన ధ్వని కనుక, యంత్రాన్ని అమర్చిన తీరును బట్టి వేగం కొంత మారుతుంది. దీనిని సాక్ష్యంగా తీసుకోవచ్చు గానీ తీర్పుగా తీసుకోకూడదు.

ఆ తరువాత కండక్టర్ ఆస్కార్ ఫ్రీడ్ బెర్లిన్‌లో రికార్డు చేసిన రెండో సింఫనీ వినాలి. 1905లో బెర్లిన్‌లో ఇదే కృతిని ఫ్రీడ్ నడిపించినప్పుడు మాలర్ సభలో ఉన్నారు. 1920ల తొలి సంవత్సరాలలో రికార్డింగు జరిగేనాటికి స్టూడియోలలో ఇంకా మైకు లేదు. గాయనీమణులు, బృందగానం, ఆర్కెస్ట్రా అందరూ ఒక లోహపు హారన్ ముందు ఇరుక్కుని నిలబడవలసిందే. మంద్రస్థాయి తీగవాద్యాల ధ్వనిని ఆ హారన్ పట్టలేదు కనుక వాటి స్వరాలను ట్యూబా అనే పెద్ద ఇత్తడి బాకాపై ఊదించడం నాటి పద్ధతి. ఒక్కో ప్లేటు పక్కకు నాలుగు నిమిషాలకు మించి పట్టని రోజులలో దాదాపు గంటన్నర కృతికి పూనుకోవడం సాహసమే. ధ్వని గరగరమంటుంది. అయినా మాలర్ ఎదుట ఈ కృతిని నడిపించిన చెయ్యే ఇక్కడా నడిపిస్తున్నది.

1930లో టోక్యోలో హిదెమారో కొనోయె రికార్డు చేసిన నాలుగో సింఫనీకి ఈ సాక్షుల జాబితాలో న్యాయంగా చోటు లేదు. ఆయన మాలర్‌ను ఎన్నడూ చూడలేదు. కానీ మైకు వచ్చిన తరువాత మాలర్ సింఫనీ ఒకటి సమగ్రంగా రికార్డయినది మొదట జపాన్‌లోనే కావడం విశేషం, కనుక దానిని వదలలేము. ఏళ్ల వరుసను ఈ ఒక్కసారికి పక్కనపెట్టి, దాని వెంటనే విల్లెం మెంగెల్‌బర్గ్ 1939 నవంబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో నడిపించిన అదే కృతిని పెట్టుకోండి. 1904లో మాలర్ ఆ నగరంలో ఒకే సాయంత్రం ఈ సింఫనీని రెండుసార్లు నడిపించారు. ఆయన సూచనలను మెంగెల్‌బర్గ్ తన స్వరలిపి ప్రతిలో రాసిపెట్టుకున్నారు. మొదటి పది పదిహేను సెకన్లు శ్రద్ధగా వినండి. చిరుగంటలు మోగిన తరువాత వయొలిన్లు అసలు రాగాన్ని ఎత్తుకునే చోట, ఇక ఆగిపోతుందేమో అనిపించేంతగా నడక నెమ్మదిస్తుంది. కర్ణాటక సంగీతం విన్న చెవికి వయొలిన్‌పై వేలు ఒక స్వరం నుంచి మరొక స్వరానికి ఒరుసుకుంటూ వెళ్లే జారు పరిచితమే. ఆ లక్షణం ఈ రికార్డు నిండా వినబడుతుంది. నేటి ఆర్కెస్ట్రాలలో ఇది చాలావరకు కనుమరుగైంది, నా దృష్టిలో అది నష్టమే.

[తెరపై: వియన్నా మ్యూజిక్‌ఫెరైన్ సభామందిరం.]

అన్నిటికన్నా ఎక్కువ సమయం కేటాయించవలసినది 1938 జనవరి 16న వియన్నాలో బ్రూనో వాల్టర్ నడిపించిన తొమ్మిదో సింఫనీకి. మాలర్ మరణానంతరం 1912లో ఈ కృతిని తొలిసారి వినిపించినది వాల్టరే. సభ జరుగుతుండగానే దీనిని రికార్డు చేయించిన రికార్డింగు నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్, 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ పాటలను ప్లేట్ల కెక్కించిన మనిషే. ఆనాడు వయొలిన్ల ముందువరుసలో మాలర్ చెల్లెలి భర్త ఆర్నల్డ్ రోజే కూర్చున్నారు. రెండు నెలలు తిరగకముందే హిట్లర్ సేన ఆస్ట్రియాలో ప్రవేశించింది. యూదులైన వాల్టర్, రోజే ఇద్దరూ దేశం విడిచిపోవలసి వచ్చింది. శ్రోతల దగ్గులు కూడా వినిపించే ఈ రికార్డింగు దాదాపు 70 నిమిషాలలో ముగుస్తుంది. అదే వాల్టర్ 1961లో అమెరికాలో స్టీరియోలో చేసినప్పుడు 80 నిమిషాలు దాటింది. ఒకే కండక్టర్, ఒకే కృతి, పది నిమిషాల తేడా. కనుక 'అసలైన వేగం' ఇదేనని ఎవరైనా అంటే కొంచెం అనుమానించడం మంచిది.

మిగిలినవాటి సంగతి క్లుప్తంగా: మొదటి సింఫనీకి 1940 నాటి మిత్రోపౌలోస్, ఐదో దానికి 1947లో న్యూయార్క్‌లో వాల్టర్, ఎనిమిదో దానికి 1950లో స్టొకోవ్‌స్కీ, మూడు, ఆరు సింఫనీలకు 1952లో వియన్నాలో చార్లెస్ ఆడ్లర్, ఏడో దానికి 1953లో షెర్షెన్. వీరిలో స్టొకోవ్‌స్కీ 1910లో మ్యూనిక్‌లో ఎనిమిదో సింఫనీ తొలి ప్రదర్శనను స్వయంగా విన్నవారు. దానికి బృందగానాన్ని తయారుచేసినవారిలో ఆడ్లర్ ఒకరు.

ఒక సలహా. పాత ప్లేట్ల గరగరను పూర్తిగా తుడిచేసిన డిజిటల్ ప్రతులను ఎంచుకోకండి. ఆ శబ్దంతో పాటు వయొలిన్ల పైస్థాయి మెరుపు కూడా పోతుంది. కొంత గరగర మిగిల్చిన ప్రతిని తీసుకుంటే, ఐదు నిమిషాలలో చెవి దానికి అలవాటు పడుతుంది. 11 గంటలు కుదరనివారు ఒక సాయంత్రం మెంగెల్‌బర్గ్ నాలుగో సింఫనీని, మరునాడు వాల్టర్ 1938 తొమ్మిదో సింఫనీని వినవచ్చు. ఫ్రీడ్ రికార్డును మాత్రం ఆ రెండూ అలవాటైన తరువాతే ముట్టుకోండి.