నీళ్ళు ఎటు పోతున్నాయి?

(హైదరాబాద్‌లో ఒక మహిళా డిగ్రీ కళాశాల హాస్టల్లో, కొత్తగా చేరిన విద్యార్థినుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మొన్న వార్డెన్ గారు ఫోన్ చేసి, "పిల్లలంతా కొత్త మేడం, బయటికి పోవాలంటే భయపడుతున్నారు. మీరు జాగ్రఫీ టీచరు కదా, ఈ ఊళ్ళో దారులు తెలుసుకోవడం గురించి నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఈ ఊళ్ళో నేను తప్పినన్ని దారులు ఇక్కడెవరూ తప్పి ఉండరు. ఆ అర్హతతోనే వచ్చాననుకోండి.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. 1998లో పెళ్ళయ్యాక నల్లకుంటలో ఒక పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. పాలు పొంగించడానికి మా అమ్మ వచ్చింది. ముహూర్తం తెల్లవారుజామున నాలుగున్నరకి. బయట చిమ్మచీకటి. అమ్మ పాలగిన్నె చేత్తో పట్టుకుని వంటింట్లో నిలబడి, "ఏమే, తూర్పు ఎటు?" అంది. నేను మా ఆయన వంక చూశాను. ఆయన కాస్త ఆలోచించి ధైర్యంగా ఒక కిటికీ చూపించారు. అటు తిరిగి స్టవ్ వెలిగించాం, పాలు పొంగాయి, అందరం కాఫీ తాగాం. ఏడింటికి ఎండ బాత్‌రూం వైపు నుంచి వచ్చింది. అమ్మ ఆ ఎండని చూసింది, అల్లుణ్ణి చూసింది, "పోనీలే, పాలైతే పొంగాయిగా" అంది.

మీకిది చిన్న విషయంలా ఉండొచ్చు. మా ఊళ్ళో ఎడమ, కుడి అనే మాటలు చేతులకే వాడతాం. మిగతాదంతా దిక్కులే. "ఆ మంచం కాస్త ఉత్తరానికి జరపరా" అంటారు. "పడమటింటి వాళ్ళు" అంటారు. చీకట్లో నిద్రలేపి అడిగినా తూర్పు ఎటో చెప్పేస్తాం. అది మా తెలివేమీ కాదు, కాలువల పుణ్యం. డెల్టాలో నేల బల్లపరుపు. తెనాలి మధ్యలోంచి మూడు కాలువలు పోతాయి. నీళ్ళు ఎటు పోతే అటు సముద్రం. అది తెలిస్తే మిగతావన్నీ తెలిసినట్టే. ఎగువ, దిగువ అనే రెండు మాటలతో ఊరంతా తిరిగేస్తాం.

అలాంటిదాన్ని నల్లకుంటలో పడ్డాను. ఇంట్లో తూర్పు బాత్‌రూం వైపు అని తెలిసింది కదా, గుమ్మం దాటి రెండు మలుపులు తిరిగేసరికి అది కాస్తా జారిపోయేది. సందు తిన్నగా పోతున్నట్టే ఉండి మెల్లగా వంగుతుంది. ఆ వంపు మన కాళ్ళకు తెలియదు. అరగంట తిరిగి, బయల్దేరిన శంకరమఠం ముందుకే తేలిన రోజులున్నాయి. అప్పుడు ఫోన్లలో మ్యాపులు లేవు. మా ఇంట్లో అసలు ఫోనే లేదు.

దారి చెప్పేవాళ్ళకు మాత్రం కొదవ లేదు. కానీ వాళ్ళ భాష నాకు కొత్త. "సీదా పోండి, చౌరస్తా వస్తది, ఆడ కమాన్ ఉంటది, దాని బాజుకే." సీదా అంటే తెలుసు. కమాన్ అంటే పెద్ద తోరణం లాంటి కట్టడమని, బాజు అంటే పక్క అని వారం తర్వాత తెలిసింది. దానికి తోడు పేర్లు. లక్డీకాపూల్ అంటే కర్ర వంతెన. అక్కడికెళ్ళి కర్ర వంతెన కోసం వెతక్కండి, నేను వెతికాను. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌లో మిమ్మల్ని ఎవరూ చెక్ చెయ్యరు. సికింద్రాబాద్‌లో సంగీత్ థియేటర్ కూలగొట్టి ఏళ్ళవుతోంది, కండక్టర్లు ఇప్పటికీ "సంగీత్, సంగీత్" అని దింపుతున్నారు. ఈ ఊరు వస్తువుల్ని పోగొట్టుకుంటుంది కానీ పేర్లు పోగొట్టుకోదు. ఆ సంగతి తర్వాత నాకెంత పనికొచ్చిందో చెప్తాను.

ముందు నా బస్సు కథ వినండి. అమ్మని సికింద్రాబాద్ స్టేషన్లో రైలెక్కించి, అటునుంచి అటే లక్డీకాపూల్ దగ్గర ఒక స్కూల్లో ఇంటర్వ్యూకి పోవాలి. మెహదీపట్నం బస్సులు లక్డీకాపూల్ మీదుగా పోతాయని ఎవరో చెప్పారు. బోర్డు మీద మెహదీపట్నం అని చూసి ఎక్కేశాను. అది 49ఎం. ట్యాంక్‌బండ్ వస్తుంది, బుద్ధుడి విగ్రహం కనపడుతుందని కిటికీ పక్కన కూర్చున్నాను. బుద్ధుడు రాలేదు, బేగంపేట వచ్చింది. తర్వాత పంజగుట్ట అన్నారు. ఆ పేరు వినగానే గుండె గుభేలుమని దిగేశాను. నేను ఎక్కాల్సింది 5కె. రెండు బస్సులూ సికింద్రాబాద్‌లోనే బయల్దేరతాయి, రెండూ మెహదీపట్నమే చేరతాయి. మధ్యలో హుస్సేన్‌సాగర్ ఉంది. ఒకటి చెరువు కట్ట మీదుగా లక్డీకాపూల్ పోతుంది, ఇంకొకటి చెరువుకు అవతలి పక్క నుంచి చుట్టు తిరిగి పోతుంది. అంటే నేను దారి తప్పలేదు, చెరువుకి అటు పక్క ఉన్నానంతే. ఆ ముక్క అప్పుడు తెలిస్తే ఏడ్చేదాన్ని కాదు.

అక్కడ ఒక పెద్దాయన ఆటోలో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. లక్డీకాపూల్ అన్నాను. ఆయన నా మొహం చూసి, "కొత్తగొచ్చినవా బిడ్డా? ఏం పరేషాన్ గాకు. ఇది గుట్ట. సీదా ఎర్రమంజిల్ దాకా అప్ ఉంటది, ఆడికెంచి డౌన్ దిగితే ఖైరతాబాద్. ఇంకా సీదా పోతే లక్డీకాపూల్" అన్నాడు. ఎక్కించుకోమంటే, "బస్సుల పో, ఊకె పైసలెందుకు" అన్నాడు. సగం దారి నడిచాను. నిజంగానే ఎక్కుడు, నిజంగానే దిగుడు. ఇంటర్వ్యూకి గంటన్నర ఆలస్యం, ఉద్యోగం రాలేదు. అయితే ఆయన అన్న "అప్, డౌన్" నా బుర్రలో ఉండిపోయాయి. ఎక్కడో విన్న మాటల్లా ఉన్నాయే అనిపించింది గానీ ఎక్కడో అందలేదు.

అది అందడానికి రెండేళ్ళు పట్టింది. 2000 ఆగస్టు 24. హైదరాబాద్‌లో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. మీరింకా పుట్టలేదు, ఇంట్లో పెద్దవాళ్ళనడగండి. మాది మొదటి అంతస్తు కాబట్టి బతికిపోయాం. మెట్ల మీద కూర్చుని చూస్తున్నాను. సందులో మోకాలి లోతు నీళ్ళు, టీ రంగులో. కింది పోర్షన్ వాళ్ళ పాప రబ్బరు చెప్పు ఒకటి, నీలం రంగుది, తేలుకుంటూ వచ్చింది. మా గేటు దగ్గర ఒక చుట్టు తిరిగింది. కరెంటు స్తంభానికి తగిలి ఆగింది. మళ్ళీ కదిలి సందు చివరిదాకా పోయింది. అక్కడ నేను రోజూ కుడి వైపు తిరుగుతాను, అదే సీదా అనుకుంటాను. చెప్పు ఎడమకు తిరిగింది.

డెల్టా పిల్లని కదా, నీళ్ళు కనపడితే ఎటు పోతున్నాయని చూడకుండా ఉండలేను. అది దిగువ. ఆటో ఆయన చెప్పిన డౌన్, మా ఊరి దిగువ, రెండూ ఒకటే. రెండేళ్ళుగా నేను తూర్పు, ఉత్తరం అని వెతుక్కుంటున్నాను, ఈ ఊరేమో ఎత్తూ పల్లంలో కూర్చుని ఉంది. నీరు పల్లమెరుగు అని చిన్నప్పటి నుంచీ వల్లించిన సామెతే. నాకే తట్టలేదు.

వాన తగ్గాక ఆ చెప్పు పోయిన దారినే నేనూ పోయాను. పెద్ద నాలా వచ్చింది. అది హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్ళు పోయే నాలా. ట్యాంక్‌బండ్ కింద మొదలై దోమలగూడ, అశోక్‌నగర్ పక్కగా వచ్చి, గోల్నాక దాటి మూసీలో కలుస్తుంది. ఇంకో వైపు కూకట్‌పల్లి నాలా వచ్చి హుస్సేన్‌సాగర్లో పడుతుంది. చెరువు మధ్యలో, నది కింద. మూసీ పడమటి నుంచి తూర్పుకు పోతుంది. దానికి దక్షిణాన పాత ఊరు, ఉత్తరాన కొత్త ఊరు. తెనాలిలో కాలువలు చేసే పని ఇక్కడ మూసీ చేస్తోంది. కాకపోతే వాసన వల్ల ఎవరూ దాని మొహం చూడరు.

అప్పుడు పేర్లు మాట్లాడటం మొదలుపెట్టాయి. గుట్ట, గడ్డ, బండ అని ఉంటే మెరక. కుంట, చెరువు, తలాబ్, ట్యాంక్ అని ఉంటే పల్లం. మేమున్నదే నల్లకుంట. కుంటలో ఇల్లు అద్దెకు తీసుకుని, నీళ్ళొచ్చాయని ఆశ్చర్యపోయాను! మాసబ్‌ట్యాంక్ అసలు పేరు మా సాహెబా తలాబ్. తలాబ్ పోయింది, పేరు మిగిలింది. 2020 అక్టోబర్ వానల్లో ఎన్నో కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి కదా, పాత చెరువులు ఎక్కడున్నాయో తెలిసినవాళ్ళకు అదేమీ వింత కాదు. మీరు రేపు ఉద్యోగాలొచ్చి ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు, అద్దె ఎంత అని అడిగే ముందు ఆ వీధి పేరేమిటో చూడండి. ఇది జాగ్రఫీ కాదు, అనుభవం.

దిక్కులు కావాలంటే మాత్రం ఒక చోటుంది. చార్మినార్. 1591లో కట్టారు, దాని చుట్టూ ఊరిని లెక్కగా వేశారు. నాలుగు కమాన్లు నాలుగు దిక్కులకు, నాలుగు రోడ్లు. ఈ ఊళ్ళో నాకు తూర్పు దొరికిన మొదటి వీధి అదే. అక్కడి నుంచి ఉత్తరానికి నడవండి. చార్‌కమాన్, పత్తర్‌గట్టి, మదీనా, తర్వాత నయాపూల్, కింద మూసీ. వంతెన దాటితే అఫ్జల్‌గంజ్. అక్కడ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టుంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు సుమారు 150 మంది ఆ చెట్టెక్కి బతికారు. ఆ వరద తర్వాతే ఎగువన గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులు కట్టారు. ఆదివారం నలుగురు కలిసి ఆ నడక నడవండి. చార్మినార్ నుంచి గంట కూడా పట్టదు, మధ్యలో గాజుల దగ్గర ఆగకపోతే. ఆగుతారని నాకు తెలుసు.

ఇక ఫోన్. ఫోన్ చూడొద్దని చెప్పే మనిషిని కాదు. రాత్రిపూట ఆటో ఎక్కితే మ్యాప్ తెరిచి పెట్టుకోండి, లొకేషన్ ఇంటికి పంపండి. దానితో ఒక్కటే చిక్కు. అందులో ఆ నీలం చుక్క, అంటే మీరు, ఎప్పుడూ మధ్యలోనే ఉంటారు. ఊరే మీ చుట్టూ తిరుగుతూ ఉంటుంది. అలా తిరిగితే ఏది ఎక్కడుందో ఎప్పటికీ తెలియదు. మూలన ఉన్న దిక్సూచి గుర్తు నొక్కితే ఉత్తరం పైకి వస్తుంది. అలా ఉంచుకుని చూడండి, ఒక నెల చికాకుగా ఉంటుంది. టోల్మన్ అని అమెరికాలో ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఎలుకల మీద ప్రయోగాలు చేసి 1948లో ఒక మాట రాశాడు. బుర్రలో పటాలు రెండు రకాలట. ఒకటి రిబ్బను లాంటిది, ఒకే దారి తెలుస్తుంది, ఆ దారి మూసేస్తే అయిపోయాం. రెండోది దుప్పటి పరిచినట్టు, ఒక దారి పోతే ఇంకోటి తడుతుంది. 49ఎంలో కూర్చున్న నాది రిబ్బను.

ఇప్పుడు రిబ్బన్లు ఇంకా పెరిగాయి. మెట్రో 2017లో వచ్చింది, అమీర్‌పేటలో ఎక్కడ మారాలో అందరికీ తెలుసు, అమీర్‌పేట దేనికి ఏ పక్కనుందో తెలియదు. పిల్లర్ నంబర్లు మాత్రం నాకిష్టం. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా స్తంభాల మీద పోయే 11.6 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే 2009లో మొదలయ్యాక, కింద అత్తాపూర్ వాళ్ళంతా ఇంటి నంబర్లు మానేసి పిల్లర్ నంబర్లు చెప్తున్నారు. శుభలేఖల మీద కూడా వేస్తున్నారు. అంకె పెరుగుతుంటే ఆరాంఘర్ వైపు, తగ్గుతుంటే మెహదీపట్నం వైపు. పోయేది ఎగువకో దిగువకో అంకెలే చెప్తున్నట్టు. జనం ఎక్కడైనా ఒక కాలువ వెతుక్కుంటారు.

ఇంకొక్క సంగతి చెప్పి కూర్చుంటాను. మూసీ ఇక్కడి నుంచి తూర్పుకు పోయి, నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ పులిచింతల దాటి విజయవాడలో ప్రకాశం బ్యారేజీకి వస్తుంది. అక్కడి నుంచి పశ్చిమ కాలువలోకి, ఆ కాలువ నుంచి తెనాలికి. అంటే నల్లకుంటలో మా మెట్ల ముందు పోయిన నీళ్ళు మా అమ్మ వాళ్ళ చేలకు పోతున్నాయన్నమాట. ఫోన్లో చెప్తే అమ్మ ఒక్క క్షణం ఆగి, "ఛీ, ఆ మురుగా!" అంది. 2004 నుంచి నాగార్జునసాగర్ దగ్గర కృష్ణ నీళ్ళు 100 కిలోమీటర్లకు పైగా పైపుల్లో ఎక్కి హైదరాబాద్ వస్తున్నాయి. మీ హాస్టల్ కుళాయి తిప్పితే అవే రావచ్చు. మాకు ఇక్కడి నుంచి మురుగు, మీకు అక్కడి నుంచి మంచినీళ్ళు. ఈ లెక్క అమ్మకింకా చెప్పలేదు.

ఇందాక వస్తూ మీ గేటు ముందు పది నిమిషాలు నిలబడ్డాను, వాచ్‌మన్ అనుమానంగా చూశాడు కూడా. అక్కడ రోడ్డు రెండు పక్కలకూ వాలుగానే కనపడుతోంది, కొత్తగా సిమెంటు వేసి ఎత్తు చేశారు. నీళ్ళు ఎటు పోతాయో నాకు అంతుపట్టలేదు. వాన పడ్డ రోజు ఎవరైనా ఒక కాగితం పడవ వదిలి చూసి, వార్డెన్ గారికి చెప్పండమ్మా. నా నంబరు ఆవిడ దగ్గరుంది.