ఫిరంగి కొన్నారు సరే, పేల్చేదెవరు? ఎస్టోనియా రిజర్వు సైన్యం కథ

[స్క్రీన్ మీద: చలికాలం సాయంత్రం. బల్ల మీద ఫోన్ మోగుతుంది.]

మామూలు పనిరోజు. ఇంటికొచ్చి బూట్లు విప్పుతున్న మనిషికి ఫోన్‌లో కబురు వచ్చింది. రిజర్వు శిక్షణకు పిలుపు, వెంటనే బయలుదేరి యూనిట్ దగ్గర రిపోర్టు చేయాలి. వారం ముందు చెప్పడం, నాకు వీలైన తేదీ అడగడం ఏమీ ఉండవు. 2022 చివర్లో ఎస్టోనియాలో దాదాపు 2,900 మందికి ఇలాంటి పిలుపే వెళ్లింది. ఆ విన్యాసం పేరు ఓకస్. వాళ్ల భాషలో ముల్లు అని అర్థం.

ఇలా పిలుపు అందుకునేవాళ్లలో వడ్రంగి ఉండొచ్చు, లారీ డ్రైవర్ ఉండొచ్చు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఉండొచ్చు. ఎప్పుడో కొన్ని నెలలు సైన్యంలో పనిచేసి ఇంటికెళ్లిపోయినవాళ్లు. ఎస్టోనియా సైన్యంలో ఎక్కువ భాగం వీళ్లే.

నా ఉద్దేశంలో చిన్న దేశం ఆయుధాలు కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఈ మనిషినే. కొన్నేళ్లకోసారి శిక్షణకొచ్చే ఇతని చేతికి ఆ ఆయుధం అలవాటవుతుందా? అలవాటు కాకపోతే అది ఎంత గొప్పదైనా గోదాములో సామానుగానే ఉండిపోతుంది. ఎస్టోనియా ఈ సంగతి ఎలా నేర్చుకుందో, ఎక్కడ ఇంకా ఇబ్బంది పడుతోందో చూద్దాం.

[స్క్రీన్ మీద: బాల్టిక్ మ్యాప్. తాలిన్, నార్వా, తాపా, ప్స్కోవ్.]

జనాభా సుమారు 13 లక్షలు. విస్తీర్ణం 45 వేల చదరపు కిలోమీటర్ల చిల్లర. తూర్పున పెయిప్సి సరస్సు, నార్వా నది, వాటికి అవతల రష్యా. ఆగ్నేయ సరిహద్దుకు దగ్గర్లోనే ప్స్కోవ్ నగరం. విమానాల నుంచి దిగి పోరాడే రష్యా 76వ వైమానిక దాడి డివిజన్ ఉండేది అక్కడే. నార్వా నుంచి రాజధాని తాలిన్ సుమారు 210 కిలోమీటర్లు, కారులో మూడు గంటల లోపు ప్రయాణం.

పెద్ద దేశానికి వెనక్కి తగ్గి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ ముందుకొచ్చేంత నేల ఉంటుంది. ఎస్టోనియాకు లేదు. మొదటి రోజు నుంచే నిలబడాలి. అలాగని అంత సైన్యాన్ని ఏడాది పొడవునా జీతమిచ్చి పోషించే స్తోమతా లేదు. పనిచేసే వయసువాళ్లంతా బ్యారక్‌లలో కూర్చుంటే దేశాన్ని నడిపేదెవరు? అందుకే రిజర్వు.

ఈ పట్టుదల వెనక ఒక పాత గాయం ఉంది. 1939 సెప్టెంబర్ 28న సోవియట్ యూనియన్ ఒత్తిడికి లొంగి ఎస్టోనియా తన నేల మీద వాళ్ల సైనిక స్థావరాలకు ఒప్పుకుంది. 1940 జూన్‌లో అల్టిమేటం వచ్చింది, వెనకే సేనలు వచ్చాయి. దేశానికి సైన్యం ఉంది. కైత్సెలీత్ అనే స్వచ్ఛంద రక్షణ దళమూ ఉంది. అయినా పోరాడమనే ఆదేశం రాలేదు. కైత్సెలీత్ ఆయుధాలను అప్పగించమన్నారు. జూన్ 21న తాలిన్‌లోని రావువా వీధిలో ఒక సిగ్నల్ బెటాలియన్ మాత్రం తుపాకులు ఇవ్వబోమని ఎదురు తిరిగింది. అంతే. ఆ తర్వాత స్వాతంత్ర్యం కోసం 1991 ఆగస్టు దాకా ఎదురుచూడాల్సి వచ్చింది. చివరి రష్యన్ సేనలు కదిలింది 1994 ఆగస్టు 31న.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు మనసు భారమవుతుంది. ఆయుధాలుండి, మనుషులుండి, ఒక్క ఆదేశం లేక మొత్తం పోయింది. ఇవాళ కైత్సెలీత్ సభ్యులు చాలామంది తమ తుపాకీని ఇంట్లోనే భద్రపరుచుకుంటారని వింటే కొందరికి వింతగా అనిపించొచ్చు. 1940 తెలిస్తే అనిపించదు.

[స్క్రీన్ మీద: నాలుగు రకాల రైఫిళ్లు పక్కపక్కన.]

స్వాతంత్ర్యం తిరిగొచ్చేసరికి చేతిలో ఏమీ లేదు. 1993లో ఇజ్రాయెల్ నుంచి గలీల్ రైఫిళ్లు, ఉజీ అనే చిన్న సబ్‌మెషిన్ గన్లు కొన్నారు. ఆ ఒప్పందం మీద దేశంలో పెద్ద రాజకీయ గొడవే జరిగింది. తర్వాత మిత్రదేశాలు పాత సరుకు ఇచ్చాయి. అమెరికా నుంచి ఎం14లు, స్వీడన్ నుంచి ఏకే4లు. పేరు చూసి ఏకే-47 అనుకోకండి, ఇది జర్మన్ జీ3 డిజైన్‌తో స్వీడన్ తయారు చేసుకున్న రైఫిల్.

ఉచితంగా వచ్చినదానికి వంక పెట్టకూడదు. కానీ ఇబ్బంది ఎక్కడుందో చూడండి. గలీల్‌లో పట్టేది 5.56 మిల్లీమీటర్ల తూటా. ఏకే4, ఎం14లలో 7.62. మ్యాగజైన్లు వేరు, విడిభాగాలు వేరు, విప్పి శుభ్రం చేసే పద్ధతి వేరు. పక్క సైనికుడి దగ్గర తూటాలున్నా నీ తుపాకీలో పట్టవు. రోజూ అదే పనిలో ఉండే సైనికుడు ఎలాగో నెట్టుకొస్తాడు. అయిదేళ్ల క్రితం ఒక రకం మీద నేర్చుకుని వెళ్లిన రిజర్వు మనిషికి ఇంకో రకం ఇస్తే అతని చేతులు తడబడతాయి.

2019లో అమెరికన్ కంపెనీ ఎల్ఎంటీతో ఒప్పందం కుదిరింది. కొత్త రైఫిల్‌కు రాహె అని పేరు పెట్టుకున్నారు, అంటే వడగళ్లు. పాతవి ఒక్కరోజులో పోలేదు, కానీ దారి మాత్రం ఒకటైంది. టీవీల్లో దీని గురించి పెద్దగా చెప్పరు. మొత్తం ఆధునికీకరణలో అతి తెలివైన కొనుగోళ్లలో ఇదొకటని నా అభిప్రాయం.

[స్క్రీన్ మీద: మంచులో కదులుతున్న కె9.]

ఇక ఫిరంగులు. చాలా ఏళ్లు ఎస్టోనియా దగ్గరున్నవి లారీ వెనక కట్టి లాక్కెళ్లేవి. ఫిన్లాండ్ నుంచి వచ్చిన 122 మిల్లీమీటర్ల డి-30లు, జర్మనీ నుంచి వచ్చిన 155 మిల్లీమీటర్ల ఎఫ్‌హెచ్-70లు. ఎఫ్‌హెచ్-70 సాధారణ గుండుతో సుమారు 24 కిలోమీటర్లు కొడుతుంది. దాన్ని లారీ నుంచి విప్పి, నేల మీద నిలబెట్టి, పేల్చి, మళ్లీ కట్టుకుని కదలాలి. ఆ లోపు అవతలివాళ్ల రాడార్ గుండు ఎక్కడినుంచి వచ్చిందో లెక్కగట్టేస్తే సిబ్బంది ప్రాణాలకే ముప్పు.

2018లో దక్షిణ కొరియాతో ఒప్పందం చేసుకున్నారు. 12 కె9 స్వయంచాలిత ఫిరంగులు, 4 కోట్ల 60 లక్షల యూరోలు. కొత్తవి కావు. కొరియా సైన్యం వాడినవాటిని మరమ్మతు చేసి ఇచ్చారు. ట్యాంకులా గొలుసు చక్రాల మీద తనంతట తాను నడిచి వెళ్తుంది, ఆగి పేలుస్తుంది, వెంటనే చోటు మారుస్తుంది. తగిన గుండుతో 40 కిలోమీటర్ల దాకా చేరుతుంది. తర్వాత మరిన్ని కొన్నారు. వీటికి పెట్టుకున్న పేరు కౌ, అంటే ఉరుము.

పాతవి ఎందుకు కొన్నట్టు? దీనికి రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి ధర. రెండోది నాకు మరీ నచ్చిన కారణం. ఫిన్లాండ్ కూడా 2017లో ఇవే ఫిరంగులు 48 కొంది. సముద్రం అవతల అదే బండి, అదే ఇంజిన్, అదే రకం విడిభాగం. చిన్న దేశం ఒంటరిగా ఒక వింత మోడల్ కొంటే తర్వాత దాని బోల్టు కోసం కూడా దేశాలు తిరగాలి. పొరుగువాడిదే కొంటే శిక్షణ కలుస్తుంది, మరమ్మతు కలుస్తుంది. లాత్వియాతో కలిసి 2023లో జర్మన్ ఐరిస్-టి గగనతల రక్షణ వ్యవస్థ కొన్నదీ ఇదే ఆలోచనతో.

2022లో యుద్ధం ఉక్రెయిన్ మీదికొచ్చింది. ఎస్టోనియా తన డి-30లను పంపింది. 2023 జనవరిలో తన 155 మిల్లీమీటర్ల లాగుడు ఫిరంగులన్నీ, అంటే 24 ఎఫ్‌హెచ్-70లు ఇచ్చేస్తామని ప్రకటించింది. ఇంత చిన్న దేశం అంత పని చేయడం నిజంగా గొప్ప విషయం. ఇక్కడ ఒక చిక్కు కూడా ఉంది. ఫిరంగి ఉక్రెయిన్‌కు వెళ్లిపోయింది, దాని మీద ఏళ్ల తరబడి శిక్షణ పొందిన రిజర్వు సిబ్బంది మాత్రం ఇక్కడే ఉన్నారు. ఒక ఫిరంగి స్థానంలో ఇంకొకటి రావాలంటే కొనుగోలు సంతకం చాలదు. ఆ మనుషులను మళ్లీ పిలిచి, కొత్తదాని మీద మొదటి నుంచి నేర్పాలి. 2024లో ఫ్రాన్స్ నుంచి 12 సీజర్ ఫిరంగులకు ఆర్డర్ ఇచ్చారు. అవి లారీ మీద అమర్చిన రకం, పని తీరే వేరు. ప్రతి కొత్త ఆయుధానికీ ఇలా శిక్షణ బాకీ ఒకటి తోడవుతుంది. బడ్జెట్ పట్టికలో ఆ బాకీ కనిపించదు.

[స్క్రీన్ మీద: క్యాలెండర్ పేజీలు తిరుగుతాయి. 2022 డిసెంబర్ నుంచి 2025 ఏప్రిల్ వరకు.]

ఇంకో కొరత కాలం. 2022 డిసెంబర్‌లో ఆరు హైమార్స్ రాకెట్ లాంచర్లకు అమెరికాతో ఒప్పందం జరిగింది. అవి చేతికొచ్చింది 2025 ఏప్రిల్‌లో. డబ్బు సిద్ధంగా ఉంది, ఇష్టం ఉంది, అయినా రెండేళ్ల పైన ఆగాలి. ఫ్యాక్టరీ ముందు క్యూలో పెద్ద దేశాలూ ఉన్నాయి.

మందుగుండు మరీ కష్టం. 2023లో ఉక్రెయిన్‌కు ఏడాదిలో 10 లక్షల ఫిరంగి గుండ్లు ఇవ్వాలన్న ప్రతిపాదనను యూరప్ ముందు పెట్టింది ఎస్టోనియానే. యూరోపియన్ యూనియన్ ఒప్పుకుంది, కానీ గడువు నాటికి సుమారు సగమే ఇవ్వగలిగింది. పక్కవాళ్లకు ఇవ్వడానికే అంత కష్టమైతే, సొంత గోదాములు నింపుకోవడం ఎలా? 2024లో రక్షణ శాఖ కార్యదర్శిగా ఉన్న కుస్తి సల్మ్ మందుగుండుకు అదనంగా 160 కోట్ల యూరోలు కావాలని పట్టుబట్టారు. ఆ నిధులు రాకపోవడంతో పదవి నుంచి తప్పుకుంటానని ప్రకటించారు. గుండ్ల కోసం ఒక ఉన్నతాధికారి కుర్చీ వదులుకోవడం సామాన్యమైన విషయం కాదు. కొత్త ఫిరంగి కొంటే ఫొటో వస్తుంది, రిబ్బన్ కత్తిరింపు ఉంటుంది. భూమి కింద గదిలో పేర్చిన గుండ్లను ఎవరూ ఫొటో తీయరు. అందుకే ఏ దేశంలోనైనా ముందు కోత పడేది వాటి మీదే.

ఖర్చు జనం మీదే పడుతుంది. 2025 జులై నుంచి విలువ ఆధారిత పన్ను 24 శాతమైంది. 2026 నుంచి జీడీపీలో 5 శాతానికి మించి రక్షణకే కేటాయిస్తామని ప్రభుత్వం నిర్ణయించింది. మామూలు కుటుంబం ప్రతి కొనుగోలులో దీన్ని మోస్తోంది.

[స్క్రీన్ మీద: శిక్షణలో యువతీ యువకులు.]

ఇప్పుడు మళ్లీ మన మొదటి మనిషి దగ్గరికి వద్దాం. ఎస్టోనియాలో మగవాళ్లకు సైనిక సేవ తప్పనిసరి. చాలాకాలంగా అది 8 లేదా 11 నెలలు. డ్రైవర్లు, చిన్న దళాల నాయకులు ఎక్కువ కాలం ఉంటారు. 2013 నుంచి ఆడవాళ్లు ఇష్టపడి చేరొచ్చు.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చినది ఒకటుంది. కలిసి శిక్షణ పొందినవాళ్లు విడివిడిగా చెల్లాచెదురు కారు. ఒక కంపెనీగా, అంటే సైన్యంలో ఒక దళంగా నేర్చుకున్నవాళ్లు ఆ కంపెనీగానే రిజర్వులోకి వెళ్తారు. తర్వాత పిలుపొస్తే పక్కన నిలబడేది పాత మిత్రుడే. ఎవడు గుండు సరిగ్గా గురిచూస్తాడు, ఎవడు రాత్రిపూట దారి తప్పుతాడు, అన్నీ తెలుసు. ఆ నమ్మకం ఏ దేశం నుంచీ దిగుమతి కాదు.

కానీ చేతి పని మరుపుకొస్తుంది. రేడియో సెట్టింగులు, ఫిరంగి లెక్కలు, గాయానికి కట్టు కట్టడం, ఇవన్నీ వాడకపోతే జారిపోతాయి. అందుకే మళ్లీ మళ్లీ పిలవాలి. పిలిచిన ప్రతిసారీ ఒక దుకాణంలో, ఒక బడిలో, ఒక ఇంట్లో ఒక మనిషి తక్కువవుతాడు. పసిపిల్లలున్న ఇంట్లో ఆ రోజులు ఎంత టెన్షనో ఊహించుకోవచ్చు. ఓకస్ లాంటి ఆకస్మిక పిలుపుతో కాగితం మీది సంఖ్యలో నిజంగా ఎంతమంది వస్తారో తేలుతుంది. గోదాములో బూట్ల సైజులు సరిపోతాయా, లారీలు స్టార్ట్ అవుతాయా అన్నదీ తేలుతుంది.

2022లో ప్రాంతీయ రక్షణ దళాన్ని 10 వేల నుంచి 20 వేలకు పెంచాలని నిర్ణయించారు. పేర్లు రాయడం సులభం. 20 వేల మందికి హెల్మెట్, చలి దుస్తులు, తూటా కవచం, రేడియో సమకూర్చడమే అసలు పని. ఈ దళానికి వెన్నెముక కైత్సెలీత్. 1918లో పుట్టి, 1940లో రద్దయి, 1990లో మళ్లీ లేచింది. మహిళా, యువ విభాగాలతో కలిపి 25 వేలకు పైగా జనం. వీళ్లకు ఒక సైబర్ విభాగం కూడా ఉంది. 2007లో దేశంలోని బ్యాంకుల, ప్రభుత్వ వెబ్‌సైట్ల మీద పెద్ద సైబర్ దాడి జరిగాక దాని అవసరం తెలిసొచ్చింది. పగలు ఐటీ ఉద్యోగం చేసేవాళ్లే అందులో స్వచ్ఛందంగా పనిచేస్తారు. అంత నైపుణ్యమున్న మనిషిని సైన్యం జీతంతో పట్టి ఉంచలేదు. రిజర్వులో అయితే దొరుకుతాడు.

[స్క్రీన్ మీద: సివి90 పోరాట వాహనం, పక్కన చిన్న డ్రోన్.]

ఏం కొనకూడదన్న నిర్ణయం కూడా ఆధునికీకరణలో భాగమే. ఎస్టోనియాకు సొంత యుద్ధ ట్యాంకులు లేవు. సొంత యుద్ధ విమానాలు లేవు, ఆకాశాన్ని 2004 నుంచి నాటో మిత్రదేశాలు వంతులవారీగా కాస్తున్నాయి. తాపా పట్టణంలో 2017 నుంచి బ్రిటన్ నాయకత్వంలో నాటో బెటాలియన్ ఉంది. 2025లో ఇంకో కఠిన నిర్ణయం తీసుకున్నారు. నెదర్లాండ్స్ నుంచి 2014లో కొన్న 44 సివి90 వాహనాల (సైనికులను మోసుకెళ్లే పోరాట వాహనాల) స్థానంలో కొత్తవి కొనే ఆలోచనను పక్కన పెట్టారు. ఉన్నవాటికే మరమ్మతు చేసి ఇంకొన్నేళ్లు నడుపుతామని, ఆ డబ్బు డ్రోన్లకు, గగనతల రక్షణకు వెళ్తుందని రక్షణ మంత్రి హన్నో పెవ్కుర్ చెప్పారు.

నేను ఈ నిర్ణయం వైపే ఉన్నాను. పాత సివి90 నడపడం తెలిసిన రిజర్వు సిబ్బంది ఇప్పటికే ఉన్నారు, వాళ్లకు మళ్లీ మొదటి పాఠం చెప్పక్కర్లేదు. డ్రోన్ విషయంలో మాత్రం పాఠం ఎప్పటికీ కొత్తగానే ఉంటుంది. ఉక్రెయిన్ యుద్ధంలో డ్రోన్ రకాలు, వాటిని అడ్డుకునే జామర్లు నెలల్లోనే మారిపోతున్నాయి. నిరుడు నేర్చుకుని వెళ్లిన రిజర్వు మనిషి ఈ ఏడాది పిలుపుకు వచ్చేసరికి అతనికి తెలిసిన మోడల్ గోదాములో ఉండకపోవచ్చు. అతన్ని మరింత తరచుగా పిలవాలా, లేక ఇంటి దగ్గరే నేర్పే దారి వెతకాలా అన్నది ఇప్పుడు తాలిన్ తేల్చుకోవాల్సిన ప్రశ్న.