వేవిళ్ళ పిల్లకి ఏం పెట్టాలి, ఏం వండకూడదు

మైకు కొంచెం దించండయ్యా, కూర్చునే మాట్లాడతా. ముందు వరుసలో ఉన్న అత్తగార్లకి నమస్కారం. నేను చెప్పేది కోడళ్ళ గురించే అయినా వినాల్సింది మీరే, ఇంట్లో తాలింపు పెట్టేది మీరు కదా.

నా మొదటి కాన్పప్పుడు మేము కావలి దగ్గర సముద్రం పక్క ఊళ్ళో ఉండేవాళ్ళం. రెండో నెల. కోడలు చిక్కిపోతోందని మా అత్త పాపం ఎండు నెత్తళ్ళు వేయించి, వంకాయ వేసి పులుసు పెట్టింది. ఆ వాసన నాకు వీధి మొగదలే తగిలింది, గడప కూడా తొక్కకుండా వేపచెట్టు కింద కూర్చుని కక్కేశా. ఆమె గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అప్పటికే నేను నర్సుని, అయినా ఆమెకి ఏం చెప్పాలో నాకే తోచలేదు. ఆ రాత్రి నా కడుపులో ఆగింది గుప్పెడు ఒట్టి బొరుగులు, అంతే.

ఈ వేవిళ్ళని గారాబం అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. కాదమ్మా. కడుపులో బిడ్డకి తిండి అందించే మాయలోంచి జీడీఎఫ్15 అనే హార్మోను తల్లి రక్తంలోకి వచ్చి మెదడులో వికారం పుట్టించే చోటు మీద పనిచేస్తుంది, గర్భం రాకముందు ఆ హార్మోను ఒంట్లో తక్కువగా ఉన్నవాళ్ళకి వాంతులు మరీ ఎక్కువగా పట్టుకుంటాయని 2023లో పరిశోధకులు చూపించారు. మామూలుగా 6వ వారంలో మొదలై, 9వ వారం దగ్గర ముదిరి, 14 నుంచి 16 వారాలకి చాలామందికి తగ్గుతాయి. కొంతమందికి 20 వారాల దాకా ఉంటాయి, పొద్దున్నే అని కూడా లేదు, సాయంత్రం ఎక్కువయ్యేవాళ్ళూ ఉన్నారు.

కాబట్టి ఈ రెండు మూడు నెలలు బలం తిండి, బలం తిండి అని వెంటపడకండి. ఏది కడుపులో నిలిస్తే అదే తిండి. ఖాళీ కడుపు మాత్రం పనికిరాదు, వికారం దాంతోనే పెరుగుతుంది. దిండు పక్కన చిన్న డబ్బాలో బొరుగులో, రస్కులో, మారీ బిస్కెట్లో పెట్టుకుని, లేవకముందే నాలుగు నమిలి, పావుగంట ఆగి అప్పుడు లేవమనండి. తర్వాత రెండు గంటలకోసారి నాలుగు ముద్దలు, అది చాలు. అన్నం తింటూ గ్లాసుల కొద్దీ నీళ్ళు తాగితే తిన్నది తిన్నట్టే వస్తుంది, అందుకని నీళ్ళు విడిగా, గుక్క గుక్కగా. పల్చటి మజ్జిగ, కొబ్బరినీళ్ళు, ఉప్పూ చక్కెరా వేసిన నిమ్మరసం, ఏది దిగితే అది. పొదలకూరు నిమ్మకాయలు మన జిల్లావే కదా, ఒకటి కోసి వాసన చూసినా కొందరికి నెమ్మదిస్తుంది.

వేడి వేడిగా ఉన్నదే వాసన కొడుతుంది. అందుకే చల్లారిన పెరుగన్నం, ఆరిన ఇడ్లీ, చల్లార్చిన రాగిజావ తేలిగ్గా పోతాయి. రాత్రి మిగిలిన అన్నం మాత్రం మన ఎండలకి నమ్మకండి. అంగన్‌వాడీలో ఇచ్చే కోడిగుడ్డు వాసన పడకపోతే బలవంతం చేయొద్దు, వేయించిన పుట్నాలు, వేరుశనగపప్పు ఇవ్వండి, వాటిలోనూ మాంసకృత్తులు ఉన్నాయి. అల్లం నిజంగానే పనిచేస్తుంది, చిన్న ముక్క దంచి కాచిన నీళ్ళైనా సరే, బస్సుల్లో అమ్మే అల్లం మురబ్బా అయినా సరే. సుద్దముక్కలు, మట్టి, పచ్చి బియ్యం తినాలనిపిస్తే సిగ్గుపడకుండా చెప్పండి, రక్తం తక్కువై ఉండొచ్చు, పరీక్ష చేస్తాం.

మాత్రల సంగతి. మొదటి మూడు నెలలు ఫోలిక్ యాసిడ్ ఆపకండి. పొద్దున వాంతవుతుంటే రాత్రి పడుకునేముందు వేసుకోండి. ఐరన్ మాత్ర సర్కారు లెక్క ప్రకారం నాలుగో నెల నుంచి, అంతకుముందే ఎవరైనా మొదలుపెట్టించి అది పడకపోతే డాక్టరుని అడగండి. డాక్సిలమిన్, బి6 కలిసిన మాత్ర ఎన్నో ఏళ్ళుగా గర్భిణులకి ఇస్తున్నదే, నిద్ర మత్తు వస్తుంది, రాసిచ్చాకే వాడాలి.

ఇక టెన్షన్ పడాల్సింది ఎప్పుడంటే, రోజంతా నీళ్ళు కూడా నిలవకపోతే, ఒంటేలు ముదురు రంగులో వస్తే లేదా ఎనిమిది గంటలుగా రాకపోతే, లేచి నిలబడగానే కళ్ళు తిరిగితే, వాంతిలో రక్తం కనబడితే, 50 కిలోల పిల్ల రెండున్నర కిలోలు తగ్గితే. అప్పుడు ఊళ్ళో గ్లూకోజు బాటిల్ ఎక్కించుకుని సరిపెట్టుకోవద్దు. వారాల తరబడి వాంతులైన మనిషికి ముందు బి1 విటమిన్ ఇవ్వకుండా ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకే ముప్పు. పెద్దాసుపత్రికి వెళ్ళండి, వాంతులు ఇంతగా పట్టుకోవడానికి కారణం కవలలా, థైరాయిడా అన్నది కూడా అక్కడ చూస్తారు.

ఏంటమ్మా వెనక? మామిడికాయ వేసిన చేపల పులుసు ఎప్పుడు పెట్టొచ్చనా? పిల్ల నోరు తెరిచి అడిగిన రోజు పెట్టండి. నేను ఐదో నెల్లో అడిగా. మా అత్త నమ్మలేదు, నిజంగానా అని రెండుసార్లు అడిగి అప్పుడు పొయ్యి వెలిగించింది.