గీత పడ్డాక కూడా కాపాడే పూత: అల్యూమినియానికి మెగ్నీషియం తోడు

(దృశ్యం: పొలంలో బోరు మోటర్ స్టార్టర్ డబ్బా. మెయిన్ ఆఫ్. కెమెరా వైర్ల జాయింట్ దగ్గరికి వస్తుంది.)

నమస్తే. దేవరకొండ దిక్కు ఒక బోరు దగ్గర ఉన్నాం. మెయిన్ తీసేసి, టెస్టర్ పెట్టి చూసుకున్నాకే ఈ డబ్బా తెరిచాం. స్తంభం నుంచి వచ్చింది అల్యూమినియం సర్వీస్ వైరు, స్టార్టర్‌లోకి పోయేది రాగి వైరు. రెండింటినీ మెలేసి టేపు చుట్టారు. టేపు విప్పితే ఇదీ సంగతి: అల్యూమినియం మీద తెల్లటి పొడి, వేలితో రుద్దితే రాలుతోంది. వైరు సన్నబడిపోయింది. దాన్ని చుట్టుకున్న రాగి మాత్రం గట్టిగానే ఉంది.

వాన ఇద్దరి మీదా పడింది. తినేసింది మాత్రం ఒక్కదాన్నే.

(దృశ్యం: బల్ల మీద గాజు గ్లాసు, ఉప్పు నీళ్లు, మల్టీమీటర్.)

ఉప్పు నీళ్లలో ఒక అల్యూమినియం ముక్క, ఒక రాగి ముక్క తగలకుండా పెట్టి మీటర్ కలుపుదాం. అర వోల్టు దరిదాపుల్లో చూపిస్తోంది. అంటే ఇది ఒక చిన్న బ్యాటరీ. తడి తగిలిన ప్రతి రాగి, అల్యూమినియం జాయింట్ ఇలాంటి బ్యాటరీయే. అందులో ఎలక్ట్రాన్లు ఇచ్చుకునేది అల్యూమినియం. ఇచ్చుకున్న కొద్దీ అది కరిగిపోతుంది. దీన్నే గాల్వానిక్ తుప్పు అంటారు. మన బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ, అలాంటి నీటిలో కరెంటు ఇంకా సులువుగా పారుతుంది.

స్టార్టర్ విషయం ఇక్కడే చెప్పేస్తాను. రెండు వైర్లను నేరుగా మెలేయొద్దు. ఒక వైపు అల్యూమినియం, మరో వైపు రాగి ఉండే బైమెటల్ లగ్గు దొరుకుతుంది. అది వేయించి, లోపలికి తడి చేరకుండా మూయించండి.

ఇప్పుడు రాగి తీసేసి, దాని చోట మెగ్నీషియం రిబ్బన్ పెడుతున్నా. పదో తరగతి ల్యాబ్‌లో తెల్లగా మండిస్తారే, అదే. మీటర్ మీద గుర్తు తిరగబడింది చూశారా? ఇప్పుడు ఇచ్చుకునేది మెగ్నీషియం. అల్యూమినియం తీసుకునే వైపుకు వచ్చింది, కాబట్టి అది నిలబడుతుంది. ఈ వీడియో మొత్తం ఈ ఒక్క తిరుగుడు మీదే ఆధారపడింది.

(దృశ్యం: విమానం రెక్క బొమ్మ. తర్వాత లోహాన్ని పెద్దది చేసి చూపే బొమ్మ.)

నల్గొండ నుంచి సాగర్ రోడ్డు ఎక్కి హైదరాబాద్ పోతుంటే ఇబ్రహీంపట్నం మండలంలో ఆదిబట్ల వస్తుంది. అక్కడ విమానాల, హెలికాప్టర్ల భాగాలు తయారవుతాయి. విమానాల్లో ఎక్కువగా వాడే అల్యూమినియం మిశ్రమాల్లో 2024 అనే నంబరుది ఒకటి. అందులో రాగి సుమారు 4 శాతం. బలం కోసం కలుపుతారు. ఆ రాగి అంతటా సమానంగా కలిసిపోదు, అక్కడక్కడా కంటికి కనిపించని రేణువులుగా ఉండిపోతుంది. అంటే ఈ లోహానికి బయటి నుంచి రాగి తగలనక్కర్లేదు, శత్రువు లోపలే ఉన్నాడు. తడి తగిలితే ఆ రేణువుల చుట్టూ అల్యూమినియం గుంటలు పడుతుంది. అలాంటి గుంట దగ్గరే పగులు మొదలయ్యే ప్రమాదం ఉంది.

దశాబ్దాల పాటు దీనికి మందు క్రోమేట్ ప్రైమర్, అంటే క్రోమియం ఉండే అడుగు పూత. పనితనంలో దానికి వంక పెట్టలేం. కానీ అందులో ఉండే ఆరు వేలెన్సీ క్రోమియం మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని తేలింది. పాత పెయింట్ గీకేవాళ్లు, కొత్తది స్ప్రే చేసేవాళ్లు ఆ ధూళినే పీల్చాలి. విమానం బాగుండాలని పనివాడి ఊపిరితిత్తులు పణంగా పెట్టడం న్యాయం కాదు. క్రోమేట్‌కు బదులు వేరే పూత కోసం సాగిన వెతుకులాటకు అసలు కారణం ఇదే అని నేను గట్టిగా నమ్ముతాను.

అమెరికాలోని నార్త్ డకోటా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2000 దశకం మొదట్లో ఒక దారి చూపారు. ఇనుముకు జింక్ పొడి ఎక్కువగా ఉండే ప్రైమర్ వేసే పద్ధతి పాతదే. అదే ఉపాయాన్ని మెగ్నీషియం పొడితో అల్యూమినియం మీదికి తెచ్చారు.

(దృశ్యం: పూత అడ్డుకోత బొమ్మ. కింద అల్యూమినియం, పైన రెసిన్‌లో గుండ్రటి మెగ్నీషియం రేణువులు, ఆపైన టాప్ కోటు. మేకుతో గీత.)

మామూలు పెయింట్ ఒక అడ్డుగోడ. గీత పడితే అక్కడ రక్షణ అయిపోయినట్టే. ఈ పూత అలా కాదు. ఎపాక్సీ లాంటి రెసిన్‌లో, అంటే పెయింట్‌ను పట్టి ఉంచే జిగురులో, మెగ్నీషియం రేణువులు ఒకదానికొకటి, కింది అల్యూమినియానికీ తగిలేంత ఒత్తుగా ఉంటాయి. ఎండిన పొరలో దాదాపు సగం దాకా మెగ్నీషియమే. గీతలోకి తడి చేరగానే చుట్టుపక్కల రేణువులు కరగడం మొదలుపెడతాయి, బయటపడ్డ అల్యూమినియం నిలుస్తుంది. కరిగిన మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌గా, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి కార్బనేట్‌గా మారి పూతలోని సందులను కొంత పూడుస్తుంది కూడా.

ఇంత మంచిది కదా అని ఎంతైనా వేయొచ్చా? అక్కడే చిక్కు. అల్యూమినియాన్ని కాపాడే సహజమైన ఆక్సైడ్ పొర, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 4 నుంచి 8.5 మధ్యనే కుదురుగా ఉంటుంది. మెగ్నీషియం కరిగిన చోట నీటి పీహెచ్ 10 దాటగలదు. అంటే రక్షణ మరీ ఎక్కువైతే ఆ క్షారమే అల్యూమినియాన్ని కరిగిస్తుంది. అందుకే రేణువుల శాతం, కరెంటుకు రెసిన్ పెట్టే అడ్డు, రెండూ చూసుకుని కరెంటును అదుపులో పెట్టాలి. పైన టాప్ కోటు తప్పనిసరి. అది లేకపోతే ఎండావానలకు మెగ్నీషియం ముందే ఖర్చైపోతుంది. ఇంకొకటి, అల్యూమినియం మీద అనోడైజింగ్ (కరెంటు పెట్టి ఆక్సైడ్ పొరను మందంగా పెంచడం) లాంటి మందపాటి పొర ఉంటే మెగ్నీషియానికీ లోహానికీ మధ్య కరెంటు దారి తెగిపోతుంది.

దయచేసి ఎవరూ ఇంట్లో మెగ్నీషియం పొడి చేయొద్దు. అంటుకుంటే ఆర్పడం కష్టం, నీళ్లు పోస్తే మంట ఇంకా రేగుతుంది.

(దృశ్యం: విప్పిన గీజరు. కొత్త మెగ్నీషియం కడ్డీ, పక్కనే తీగలా మిగిలిన పాతది.)

ఇదే సూత్రం మన ఇళ్లలో గీజరు లోపల పనిచేస్తోంది. స్టీలు ట్యాంకుకు బదులు కరిగేది ఈ కడ్డీ. లవణాలు ఎక్కువున్న బోరు నీళ్లలో తొందరగా అరుగుతుంది. సర్వీసింగ్‌కు మెకానిక్ వచ్చినప్పుడు కడ్డీ బయటకు తీసి చూపించమని అడగండి. లోపలి ఇనప తీగ బయటపడిందంటే అప్పుడే మార్పించేయండి, ట్యాంకు కారేదాకా ఆగొద్దు.