రివర్ ప్లేట్ సెకండ్ డివిజన్‌లో ఆడిన ఏడాది | అర్జెంటీనా 2011-12 సీజన్ రివ్యూ

హాయ్ ఫ్రెండ్స్, ముందే చెప్పేస్తున్నా, ఒక షాపు వాళ్ళు ఈ జెర్సీ ఫ్రీగా పంపి వీడియో చెయ్యమన్నారు. తెల్లటి జెర్సీ, భుజం మీంచి నడుము దాకా ఏటవాలుగా ఎర్ర పట్టీ, అర్జెంటీనా ఫుట్‌బాల్ క్లబ్ రివర్ ప్లేట్‌ది. క్లాత్ బాగుంది, కుట్టు గట్టిగా ఉంది, అంతే. ఇది చేతిలోకి రాగానే నాకు ఆ సీజనే గుర్తొచ్చింది, అందుకని దాని గురించే మాట్లాడతా.

సెకండ్ డివిజన్ ఆఖరి పాయింట్ల టేబుల్ మీరు ఎక్కడో చూసే ఉంటారు, రివర్ 73, రెండో స్థానంలో కిల్మెస్ జట్టు 72. నాకు ఒళ్ళు మండేది మాత్రం ప్రొమెదియో గురించి. అంటే మూడు సీజన్ల పాయింట్లు కూడి, ఆడిన మ్యాచులతో భాగించి, ఆ సగటు చూసి కింద డివిజన్‌కి పంపేవాళ్ళు. 2010-11 ఒక్కటే చూస్తే రివర్ పై సగంలోనే ఉంది అసలు! కానీ 2008 జూన్‌లో సిమియోనే కోచ్‌గా టైటిల్ కొట్టిన జట్టే ఆ వెంటనే జరిగిన టోర్నీలో చిట్టచివర్న నిలిచింది, ఆ పాత బాకీ మూడేళ్ళు మెడకి వేలాడి, చివరికి కింది డివిజన్ జట్టు బెల్‌గ్రానోతో ప్లేఆఫ్ దాకా, అంటే పై డివిజన్‌లో ఎవరుండాలో తేల్చే పోటీ దాకా లాక్కొచ్చింది. 2011 జూన్ 26న అక్కడ ఓడిపోయి, 110 ఏళ్ళ చరిత్రలో మొదటిసారి కిందకి దిగింది. 1983లో ఇదే ప్రొమెదియో రివర్‌ని కాపాడింది కూడా, 19 జట్లలో 18వ స్థానంలో ఉన్నా గట్టెక్కింది, అది ఒప్పుకుంటా. అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే, ఈ ఏడాది ఆటకి ఈ ఏడాది లెక్కే ఉండాలి.

సరే, సీజన్‌కి వద్దాం. నిన్నటిదాకా అదే జట్టులో ఆడిన అల్మెయిదా బూట్లు విప్పేసి కోచ్ అయ్యాడు, కవెనాగి, డొమింగెజ్ పాత ఇంటికని తిరిగొచ్చారు, 2012 మొదట్లో ఫ్రాన్స్ స్ట్రైకర్ త్రెజెగే కూడా దిగాడు. 2006 వరల్డ్ కప్ ఫైనల్ షూటౌట్‌లో బంతి బార్‌కి కొట్టిన త్రెజెగేనే, ఆ రాత్రి మా ఇంట్లో టీవీ ముందు అతన్ని తిట్టిన వాళ్ళలో నేనూ ఉన్నా. అతనే 2012 జూన్ 23న రివర్ సొంత స్టేడియం మొనుమెంతాల్‌లో అల్మిరాంతె బ్రౌన్ జట్టు మీద రెండు గోల్సూ కొట్టాడు, 2-0, రివర్ మళ్ళీ పైకి. రెండో గోల్ ఆట ముగిసే ముందు పడింది, అప్పటిదాకా కిల్మెస్ ఒక్క పాయింట్ వెనకాలే కాచుకుని ఉంది కాబట్టి గుండె చేతిలో పట్టుకుని చూడాల్సిందే.

ఇంకొకటి, అదే డివిజన్‌లో ఆడిన ఇన్‌స్టిట్యూటో జట్టు మ్యాచులు వదలొద్దు. అందులో 18 ఏళ్ళ డిబాలా 17 గోల్స్ కొట్టాడు, అయినా ఆ జట్టు శాన్ లొరెంజోతో ప్లేఆఫ్‌లో ఓడి కిందే ఉండిపోయింది, నాకు ఇప్పటికీ బాధే.

నా రేటింగ్ పదికి పది, ఆట క్వాలిటీకి కాదు, ఆ టెన్షన్‌కి. హైలైట్స్ వద్దు, ఆఖరి మ్యాచ్ దొరికితే ఫుల్‌గా చూడండి.