యోబు గ్రంథంలో మనం దాటేసే పేజీలు

అందరికీ వందనాలండీ. పాస్టరు గారు నాకిచ్చిన అంశం, ప్రియమైనవి పోయినప్పుడు దేవుణ్ణి నమ్మడం. విజయవాడ సింగ్ నగర్‌లో నిలబడి ఈ మాట చెప్పాలంటే కాస్త టెన్షన్‌గానే ఉంది, ఎందుకంటే 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు వరదై ఇళ్లలోకి వచ్చినప్పుడు ఎవరికేం పోయిందో మీకు తెలుసు, నాకు మీరు చెబితేనే తెలిసింది. ఫ్రిజ్ పోతే ఎలాగోలా కిస్తీల మీద ఇంకోటి తెచ్చుకుంటాం. పెళ్లి ఆల్బమ్, అమ్మ పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ చదివిన బైబిల్, వీటికి నష్టపరిహారం ఎవరు రాస్తారు?

ఇలాంటప్పుడు ఓదార్చడానికి వచ్చినవాళ్లు తెరిచేది బైబిల్‌లోని యోబు గ్రంథమే. మొదటి అధ్యాయం 21వ వచనం, "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొని పోయెను." గొప్ప మాట, కాదనను. ఒకడు చెడు వార్త చెబుతుండగానే ఇంకొకడు వచ్చి, ఎద్దులు పోయాయి, గొర్రెలు పోయాయి, ఒంటెలు పోయాయి, చివరికి ఇల్లు కూలి పిల్లలు పోయారని చెబితే, అంతా విని యోబు అన్న మాట అది. కానీ గ్రంథంలో 42 అధ్యాయాలున్నాయి కదా, మనమేమో మొదటిది చదివి నేరుగా ఆఖరిదానికి వెళ్లి "పోయినదానికి రెండంతలు ఇచ్చాడు, ఆమెన్" అనేస్తాం.

మూడో అధ్యాయంలో అదే యోబు తాను పుట్టిన రోజును శపించుకుంటాడు. ఏడో అధ్యాయంలో, గుటక మింగేంత సేపైనా నన్ను వదిలిపెట్టవా అని దేవుణ్ణే నిలదీస్తాడు. మన సంఘంలో ఎవరైనా ఇలా ప్రార్థన చేస్తే పక్కనున్న ఆంటీ మోచేత్తో పొడుస్తుంది, అలా అనకూడదమ్మా అని.

ఇక ఆ ముగ్గురు స్నేహితులు, ఎలీఫజు, బిల్దదు, జోఫరు. ఏడు పగళ్లు ఏడు రాత్రులు యోబుతో పాటు నేల మీద కూర్చున్నారు, ఒక్క మాట కూడా మాట్లాడలేదు, అక్కడి వరకు బంగారం లాంటి మనుషులు. నోరు తెరిచాక మొదలైంది అసలు గొడవ. నీ పిల్లలు పాపం చేసి ఉంటారులే అనేదాకా వెళ్లాడు బిల్దదు, పిల్లల్ని పాతిపెట్టుకున్న తండ్రితో! మనమేం తక్కువ తినలేదు. దశమభాగం, అంటే సంపాదనలో పదో వంతు, సంఘానికి సరిగ్గా ఇచ్చారా, ఆదివారాలు మానేశారా అని ఇక్కడికొచ్చి అడిగినవాళ్లు ఉన్నారట. బుడమేరు గట్టుకు గండ్లు పడితే నీళ్లు వచ్చాయండీ, మీ హాజరు పట్టీ చూసుకుని రాలేదు.

చివర్లో దేవుడు కోప్పడింది ఎవరి మీదో చూడండి. తన తరఫున అంత వకాల్తా పుచ్చుకున్న ఆ ముగ్గురి మీద! నా సేవకుడు యోబు పలికినట్టు మీరు నన్ను గురించి సరిగ్గా పలకలేదు అంటాడు. నాకు అర్థమైనంతలో సంగతి ఇది: ఆ ముగ్గురూ అన్ని అధ్యాయాల పాటు దేవుడి గురించి ఉపన్యాసాలిచ్చారు గానీ ఒక్కడూ దేవుడితో మాట్లాడలేదు, యోబు అరిచినా ఏడ్చినా చివరికి ఆయన వైపే తిరిగాడు. ఆయన నన్ను చంపినా ఆయన కోసమే కనిపెడతాను అన్న నోటితోనే, నా న్యాయం ఆయన ముందే తేల్చుకుంటాను అన్నాడు. వేరే గడప తొక్కలేదు. నమ్మకం అంటే నేను దీన్నే అంటాను.

దేవుడు కారణం చెప్పాడా? లేదు. 38 నుంచి నాలుగు అధ్యాయాలు అడవి మేకలు ఎప్పుడు ఈనతాయి, మంచు ఎక్కడి నుంచి వస్తుంది, ఇవే ప్రశ్నలు. ఎందుకు పోయాయో ఒక్క ముక్క లేదు. కానీ వచ్చాడు, మాట్లాడాడు.

రెండంతల లెక్క కూడా ఒకసారి సరిచూడండి. గొర్రెలు 7000 ఉండేవి, 14000 అయ్యాయి. ఒంటెలు 3000 కాస్తా 6000. పిల్లలు మాత్రం మళ్లీ ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు, అంతే. పోయిన పదిమంది స్థానంలోకి వీళ్లు వచ్చారని వాక్యం ఎక్కడా చెప్పదు, కాబట్టి బిడ్డ పోయిన తల్లితో "ఇంకొకర్ని ఇస్తాడులే" అనే అధికారం మనకు లేదు.

ఇంకో చిన్న వచనం, 42:11. చుట్టాలు వచ్చి యోబు ఇంట్లో అతనితో కలిసి భోజనం చేశారు, తలా ఒక వరహా, ఒక బంగారు ఉంగరం ఇచ్చి వెళ్లారు. ఉపన్యాసం చెప్పినట్టు రాసిలేదు.

నేను ఎక్కువ మాట్లాడాను. మైకు తమ్ముడికిస్తున్నా. ఎవరైనా ముందుకొచ్చి ప్రార్థన చేయొచ్చు, పోయినదాని పేరు పెట్టి మరీ అడగండి, కోపంగా అడిగినా పర్లేదు, పక్కనున్న ఆంటీలు దయచేసి మోచేతులు కట్టుకుని కూర్చోండి.